ఇల్లు ఖాళీ అయ్యాక

హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్‌ను హోటల్ అనాలో మ్యూజియం అనాలో చూసొచ్చాక కూడా నాకు తేలలేదు. పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దాన్ని తన నివాసం కోసమే మొదలుపెట్టాడు. కోరి కట్టుకున్న ఇంట్లో ఆయన ఎక్కువకాలం ఉండనేలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు అది నచ్చి, చేతులు మారి, నిజాముల అతిథిగృహమైంది. ఐదో జార్జి వంటి వాళ్లు దిగారు. 1951లో రాజేంద్రప్రసాద్ దిగి వెళ్లాక దశాబ్దాలపాటు ఆ తలుపులు మూసే ఉన్నాయి. ఆ తర్వాత తాజ్ హోటల్ వాళ్లు తీసుకున్నారు. ఏడో నిజాం మనవడు ముకరంజా మొదటి భార్య ఎస్రా దగ్గరుండి ఏళ్ల తరబడి బాగుచేయించాక, 2010 నవంబరులో హోటల్‌గా తెరిచారు.

భోజనశాలలో చాలాసేపు నిలబడిపోయాను. ఒకే బల్ల, చుట్టూ 101 మందికి చోటు. గోడవారగా నిలబడి చూస్తే ఆ చివర కుర్చీ చిన్నపిల్లలదిలా కనిపించింది. కట్టినవాడు లేడు, కొన్నవాడు లేడు, ఆ రాజ్యమే లేదు. బల్ల మాత్రం ఇంకా వడ్డనలు చూస్తూనే ఉంది. 2017 నవంబరులో దేశదేశాల ప్రతినిధులకు ప్రధాని విందు ఇచ్చింది అక్కడే.

వస్తువు బతికి ఉండడమంటే ఇదేననిపించింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఎన్ని వేల వస్తువులున్నా, గంట కొట్టే వేళకు జనం పరుగెత్తేది సంగీత గడియారం దగ్గరికే. అది తన పని తాను ఇంకా చేస్తోంది కాబట్టి. అద్దాల పెట్టెలోకి చేరిన కత్తి ఇక కోయదు, పళ్లెంలో ఎవరూ తినరు. ఇస్తాంబుల్ పెరా ప్యాలెస్ హోటల్లో అతాతుర్క్ దిగిన 101వ నంబరు గదిని మ్యూజియం చేశారట. చుట్టూ మిగిలిన గదుల్లో మనుషులు నిద్రపోయి లేస్తుంటారు, ఆ ఒక్క గదిలో తప్ప. భద్రం చేయడానికి వాడకం ఆపాలా, వాడుతూనే భద్రం చేయొచ్చా అన్న ప్రశ్నకు ఫలక్‌నుమా ఒక జవాబు చెబుతోంది. ఆ జవాబు డబ్బున్న ఇళ్లకే అందుబాటులో ఉండడం నన్ను బాధపెట్టింది.

ఎందుకంటే నేను జంగారెడ్డిగూడెం వాణ్ణి. మా ఊరి పక్కన తాడువాయిలో గోదావరి మీద కడుతున్న పోలవరం ప్రాజెక్టు నిర్వాసితుల కాలనీ ఉంది. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ గీత కిందికి వచ్చిన ఊళ్ల నుంచి కోయలు, కొండరెడ్లు, వాళ్లతోపాటు తరతరాలుగా కలిసి బతికిన మిగతా కులాలవాళ్లు కదిలి వచ్చారు. కాలనీలో వరసగా స్లాబు ఇళ్లు. ఒక ముసలావిడ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. పాత ఇంటి సామానేమైనా తెచ్చుకున్నారా అని అడిగాను.

"మోయగలిగింది తెచ్చుకున్నాం బాబూ. రోలు పాతేసి ఉంది, పెకలించలేకపోయాం. చెట్లెలాగూ రావు" అంది.

ఆ రోట్లో దంచిన పిండితో ఆవిడ ఎంతమంది చుట్టాలకు పెట్టి ఉంటుందో ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఫలక్‌నుమాకు వచ్చిన దొరల పేర్లు చెప్పడానికి అక్కడ ఒక మనిషే ఉన్నాడు, మర్యాదగా, వివరంగా చెప్పాడు కూడా. అతిథికి పెట్టిన ముద్దలో గొప్పాచిన్నా ఉండదని నేను గట్టిగా నమ్ముతాను. అలాంటప్పుడు ఒక ఇంటి జ్ఞాపకానికి పదేళ్ల మరమ్మతు, ఇంకో ఇంటి జ్ఞాపకానికి నీళ్లు దక్కడం న్యాయం కాదు. మరమ్మతు జరిగినందుకు నాకేమీ కష్టం లేదు, సంతోషమే. ఆ శ్రద్ధలో కొంత ఇటూ రావాలి.

అరకులో గిరిజన మ్యూజియం ఉంది, మంచిదే. తాడువాయిలో నేను కోరేది మాత్రం ఒక్క హాలు, తాళం చెవి కాలనీ వాళ్ల చేతిలో ఉండే హాలు. వెదురు బుట్టలు, వలలు, విల్లంబులు, తిరగళ్లు అందులో ఉండాలి. పెద్ద డోళ్లు, కొమ్ముల తలపాగాలు భూమి పండగకు బయటికి తీసి ఆడి, మళ్లీ తెచ్చి పెట్టుకోవాలి. గోడ మీద, నది ఒడ్డున ఏ ఊరి తర్వాత ఏ ఊరో ఆ వరసలోనే పేర్లు రాయాలి. కోటరామచంద్రపురంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తలుచుకుంటే ఇది పెద్ద ఖర్చు కాదు. ఆ పాత ఇళ్లల్లో కాపురం చేసిన తరం ఇంకా మన మధ్య ఉంది, ఏ వస్తువు దేనికో చెప్పగలదు. ఆ హాలు వచ్చేవరకు, మీ ఇంట్లో అలాంటి పాత వలో తిరగలో ఉంటే దయచేసి పాతసామాన్ల బండికి వేయకండి.