కాటా అమ్మేవారూ లెక్క చెప్పాలి



తూనికల్లో మోసం చేసేవారికి వినాశం తప్పదనే హెచ్చరికతోనే దివ్య ఖుర్ఆన్ 83వ సూరా ‘అల్ ముతఫ్ఫిఫీన్’ మొదలవుతుంది. ఈ హెచ్చరిక దుకాణదారుకే గాని, అతనికి కాటా అమ్మిన డీలరుకు కాదని కొందరి భావన. ఇది సరికాదు. పాపకార్యాల్లో సహకరించడాన్ని కూడా అల్లాహ్ నిషేధించాడు (5:2).

మన దేశంలో 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం కాటాలు, తూకపురాళ్లు అమ్మేవారికి లైసెన్సు ఉండాలి. తూనికలు కొలతల శాఖవారు తనిఖీ చేసి ముద్ర వేయని కాటాను అమ్మరాదు, మరొకరికి అప్పగించరాదు. “ముద్ర తర్వాత వేయించుకోండి” అని అంటగట్టడం, లోపం దాచి అమ్మడం, అడిగినవారికి సీలు విప్పి తూకం మార్చివ్వడం - ఇవన్నీ అమానతులో ద్రోహమే.

ఆలోచించండి! 980 గ్రాములనే కిలోగా చూపే కాటాతో రోజుకు వందమందికి కిలో చొప్పున తూచితే, రెండు కిలోల పరుల సొమ్ము కాజేసినట్లే. దాసుల హక్కులు (హుఖూఖుల్ ఇబాద్) కేవలం తౌబాతో మాఫీ కావు. హక్కుదారులకు తిరిగి చెల్లించాలి, లేదా వారు మన్నించాలి. పేరైనా తెలియని ఆ కొనుగోలుదారులను ఎక్కడని వెతుకుతాం? ప్రళయదినాన మాత్రం వారే మనల్ని వెతుక్కుంటూ వస్తారు. అక్కడ చెల్లింపు రూపాయల్లో కాదు, మన పుణ్యాల్లో జరుగుతుంది.

అల్లాహ్ మనందరికీ హలాల్ సంపాదన ప్రసాదించుగాక! ఆమీన్.