పేరు చూసి రుచి చెప్పవద్దు

ధ్యానాంశం: యోహాను 2:1-11, యాకోబు 2:1-9



కానా పల్లె పెండ్లి మనందరికీ తెలిసిన ఘట్టమే. మరియతల్లి చెప్పిన మాట, ఆరు రాతి బానలు, నీరు ద్రాక్షారసంగా మారడం మనం ఎన్నో ప్రసంగాలలో విన్నాం. కాని ఆ విందు పెద్దను గురించి ఎన్నడైనా ధ్యానించారా? ఆ రసం ఎక్కడినుండి వచ్చిందో అతనికి తెలియదు. నీళ్లు తోడిన పనివారికి మాత్రమే తెలుసు. తెలియకుండానే రుచి చూశాడు. ఇదే మేలైనదని పెండ్లికుమారునితో చెప్పాడు. ఇది శుద్ధి చేసుకొనేందుకు ఉంచిన బానలలోనిదని ముందుగానే అతని చెవిన వేసి ఉంటే ఆ గిన్నెను పెదవుల దాకా తెచ్చుకొనేవాడా?

ఈ ప్రశ్న ఊహ కోసం వేసినది కాదు. ఇలాంటి పరీక్ష లోకంలో నిజంగా జరిగింది. 1976 మే 24న పారిస్ నగరంలో స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయ వర్తకుడు, పాట్రీషియా గల్లఘర్ అనే అమెరికా మహిళ కలిసి ఒక రుచి పోటీ ఏర్పాటు చేశారు. ఒక వైపు ప్రసిద్ధికెక్కిన ఫ్రాన్సు ద్రాక్షారసాలు, మరో వైపు ఎవరూ లెక్కచేయని కాలిఫోర్నియా ద్రాక్షారసాలు. తొమ్మిదిమంది ఫ్రెంచి నిపుణుల మార్కులు లెక్కలోకి తీసుకున్నారు. ఏది ఏ దేశానిదో వారికి తెలియనివ్వలేదు. తెల్లనివాటిలోను ఎర్రనివాటిలోను కాలిఫోర్నియావే మొదటి స్థానాలు పొందాయి!

ఇలాంటి పరీక్షకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. సీసాకు గుడ్డ చుట్టి అంకె వేస్తారు. ఏ అంకె ఎవరిదో తెలిసినవారు మార్కులు వేయరాదు. తన మార్కు కాగితం మీద రాసేదాకా పక్కవారితో మాట్లాడరాదు, పక్కవారి ముఖం చూసినా మన నాలుక మారిపోతుంది గనుక. రుచికి ఒక్క గుటక చాలు, దానిని కూడా చాలామంది ఉమ్మివేస్తారు. ముప్పై యేండ్ల తరువాత, 2006 మే 24న, ఒకే దినాన లండనులోను కాలిఫోర్నియాలోను అవే పాత ఎర్రని రసాలను మరల ఈ విధంగానే పరీక్షించారు. అప్పుడు కూడా కాలిఫోర్నియాదే ముందుగా వచ్చింది.

ఈ ఉదాహరణ తాగుడును మెచ్చుకోవడానికి చెప్పడం లేదు. సారా మన పల్లెల్లో ఎన్ని కాపురాలు కూల్చిందో మన తల్లులకు తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన పోరాటం వల్లనే 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మనం నేర్చుకోవలసింది ఆ సీసాకు చుట్టిన గుడ్డ నుండి.

ఆ తెల్లని రసాన్ని తయారుచేసినవాడు మైక్ గర్గిచ్. క్రొయేషియాలోని ఒక పేద రైతు కుటుంబంలో పదకొండుమంది పిల్లలలో కడగొట్టువాడు. వలసవెళ్లి 1958లో కాలిఫోర్నియా చేరాడు. పేరు, దేశం చూసి తీర్పు చెప్పి ఉంటే అతని చేతిపనికి ఆ స్థానం దక్కేదా?

ప్రియులారా, మనుష్యుడు పైరూపం చూస్తాడు, ప్రభువు హృదయాన్ని చూస్తాడు. సమూయేలు ప్రవక్త అంతటివాడు కూడా ఎలీయాబు ఎత్తును చూసి పొరబడ్డాడు. గొర్రెలు కాచే దావీదును పిలిపించాలని తండ్రికైనా తోచలేదు. నజరేతు నుండి మంచిది ఏదైనా రాగలదా అని నతనయేలు అడిగాడు. మన నారాయణఖేడ్ వారు ఈ ప్రశ్నను ఎరుగనివారా? తెలుగు, కన్నడ, మరాఠీ మాటలు కలిసే సరిహద్దు నేల మనది. చెరకు కొట్టడానికి, కూలి పనులకు మనవారు పట్నానికి, పొరుగు రాష్ట్రాలకు వలస పోతారు. అక్కడ ఊరి పేరు చెప్పగానే ఎదుటివారి ముఖం మారడం మనవారు చూసే ఉంటారు. ఆ బాధ ఎరిగిన మనమే మరొకరికి ఆ బాధ పెట్టవచ్చునా?

పారిస్ పోటీలో మరొక సంగతి ఉంది. ఫలితాలు తెలిసిన తరువాత న్యాయనిర్ణేతలలో ఒకరు తన మార్కుల కాగితం తిరిగి ఇవ్వమని అడిగారు. నాలుక ముందే నిజం చెప్పింది. పేరు తెలిశాక మనస్సు దానిని ఒప్పుకోలేకపోయింది.

మన ఇండ్లలో జరిగేది ఇదే కాదా? సంబంధం వస్తుంది. అబ్బాయి చదువుకున్నవాడు, తాగుడు అలవాటు లేనివాడు, ఆదివారం పూజ మానడు. అందరికీ నచ్చుతాడు. చివరకు ఒక పెద్దమనిషి గొంతు తగ్గించి, "ఇంతకీ వాళ్లు ఏమిటివాళ్లు?" అని అడుగుతాడు. జవాబు వినగానే అంతవరకు నచ్చినవన్నీ నచ్చకుండా పోతాయి. వేసిన మార్కులు వెనక్కి తీసుకుంటాం! ఒకే జ్ఞానస్నానం, ఒకే దివ్యసత్ప్రసాదం, కాని కులాలు మాత్రం వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన క్రైస్తవ దళితులకు షెడ్యూల్డు కులాల హక్కులు దక్కడం లేదని ప్రభుత్వాన్ని నిలదీస్తున్నాం, అది న్యాయమే. కాని మన ఇంటి గడప దగ్గర ఏ ఉత్తర్వు అమలులో ఉంది?

2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితులలో మొదటి కార్డినల్ వారే. ఆ దినాన మనం దేవునికి స్తోత్రం చెల్లించాం. ఆ స్తోత్రం నిజమైనదైతే అది మన పెండ్లి మాటలలోను, విచారణ సంఘపు ఎన్నికలలోను కనబడాలి.

మనిషి సీసా కాడు, మార్కులు వేయడానికి మనం న్యాయాధిపతులం కాము. దేవునికి గుడ్డ అవసరం లేదు. మన పేరు, ఊరు, పాపం అన్నీ తెలిసి కూడా ప్రేమిస్తాడు. బలహీనులమైన మనకే ఆ గుడ్డ కావాలి. పదో తరగతి జవాబు పత్రం దిద్దేవారికి విద్యార్థి పేరు తెలియనివ్వకపోవడం కూడా ఇందుకే.

కనుక ఈ వారం ప్రతి కుటుంబం ఒక నిర్ణయం చేసుకొనుగాక. ఎవరిని గురించియైనా మాట్లాడేటప్పుడు వారి గుణాన్ని ముందుగా చెప్పుకోండి. కులం అడగాలని నాలుక చివరకు వచ్చినప్పుడు ఆపుకోండి. ఇదివరకు ఆ కారణంగా తిరస్కరించిన ఇంటికి వెళ్లి ఒక పూట వారితో కలిసి భుజించండి. యాకోబు లేఖ రెండవ అధ్యాయాన్ని మీ పిల్లలచేత కుటుంబ ప్రార్థనలో చదివించండి.

కానాలో విందు పెద్దకు తెలియని సంగతి నీళ్లు మోసిన పనివారికి తెలిసింది. తక్కువవారని మనం అనుకొనేవారి చేతులమీదుగానే ప్రభువు తన మొదటి అద్భుతాన్ని అందించాడు. ఆ చేతులను గుర్తించే కన్నులను మరియతల్లి ప్రార్థనా సహాయం ద్వారా ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమెన్.