ఇటుక మీద నిలబడ్డ స్వామి

కార్తీక పౌర్ణమి నాడు మంగినపూడిలో సముద్రస్నానం చేసి, జనం చిలకలపూడి పాండురంగడి గుడికి వస్తారు. ఆ రద్దీలో ఎక్కడో ఒకచోట గొంతులు లేస్తాయి. "మేం ముందొచ్చాం." "మధ్యలో మీరెక్కణ్ణుంచి దూరారు?" స్వామి పాదాలు తాకుదామని వచ్చినవాళ్లమే. పక్కమనిషి కాలు మనకు తగిలితే మాత్రం ఊరుకోలేకపోతాం.

ఇంటి దగ్గరా అంతే కదా. తోడికోడలు అన్న ఒక్క మాట. కుళాయి దగ్గర ముందుకు జరిగిన బిందె. శివారు భూములున్నవాళ్లకైతే తూము దగ్గర నీళ్ల వంతు. మాటా మాటా పెరుగుతుంది. నెగ్గామనే అనిపిస్తుంది గానీ రాత్రి ముద్ద దిగదు. పడుకున్నాక, అనకుండా మిగిలిపోయిన మాట గుర్తొచ్చి నిద్ర పట్టదు. ఇవాళ మీరూ అలాగే అలిసిపోయి ఉన్నారా?

అయితే కాసేపు ఆ స్వామి ఎలా నిలబడి ఉంటాడో తలుచుకోండి. నడుమ్మీద రెండు చేతులు, పాదాల కింద ఇటుక. కథ మీకు తెలిసిందే. పుండరీకుడు తల్లిదండ్రుల సేవలో ఉండగా సాక్షాత్తూ దేవుడే గుమ్మం ముందుకొచ్చాడు. పుండరీకుడు లేవలేదు. కాసేపు దీనిమీద నిలబడమని ఓ ఇటుక విసిరాడు.

అదే మనకు జరిగితే? కూర్చోమనలేదు, మంచినీళ్లయినా ఇవ్వలేదు అని పదేళ్లు చెప్పుకుంటాం. పెళ్లిలో సరిగ్గా పలకరించలేదని తెగిపోయిన చుట్టరికాలు మన ఊళ్లలో ఎన్ని లేవు!

ఆయన అలగలేదు. నేనెవరో తెలుసా అని అడగలేదు. ఇటుకెక్కి నిలుచున్నాడు, అంతే. ఈ కథలో పుండరీకుడి సేవ ఎంత గొప్పదైనా, నాకు ఎక్కువ ఊరటనిచ్చేది స్వామి ఓపికే. పనుల్లో పడి, కోపతాపాల్లో పడి మనం ఆయన్ని ఎన్నిసార్లు ఆగమన్నామో! ఒక్కసారీ వెళ్లిపోలేదు. ఈ పూట మీరు దీపం పెట్టలేకపోయినా, మనసు చికాగ్గా ఉండి దండమైనా పెట్టలేకపోయినా, ఆయన అక్కడే ఉన్నాడు. మిమ్మల్ని చూస్తూనే ఉన్నాడు.

భక్త నరసింహంగారి భక్తికి 1929లో ఆ స్వామి చిలకలపూడిలో వెలిశాడని మనవాళ్ల నమ్మకం. పండరిపురంలో లాగే ఇక్కడా ఎవరైనా సరే, స్వామి పాదాలను తమ చేతులతో తాకి మొక్కుకోవచ్చు. పండరికి నడిచివెళ్లే వార్కరీలైతే ఒకరికొకరు ఎదురుపడినప్పుడు పెద్దా చిన్నా చూడరు, ఒకరి పాదాలకు ఒకరు వంగి దండం పెట్టుకుంటారు. అలా వంగిన మనిషి ఎవరితో తగువాడగలడు?

ఆ పాండురంగడి భక్తుడే పైఠన్‌లోని ఏకనాథుడు. గోదావరిలో స్నానం చేసి వస్తుంటే ఒకడు పనిగట్టుకుని ఆయన మీద ఉమ్మేవాడట. ఆయన మారుమాట లేకుండా మళ్లీ స్నానానికి వెళ్లేవాడు. అలా ఎన్నిసార్లు జరిగినా ఆయన ముఖంలో కోపం లేకపోవడంతో ఆఖరికి వాడే సిగ్గుపడి కాళ్లమీద పడ్డాడని చెబుతారు. అంత ఓపిక మనవల్ల కాకపోవచ్చు. ఒక్కసారి, ఒక్క మాటకు ఊరుకోవడం అవుతుంది కదా?

శాంతంగా ఉండడమంటే దెబ్బలు తింటూ పడి ఉండమని కాదు. చెయ్యి చేసుకునేవాళ్లను, మీ కష్టార్జితం కాజేసేవాళ్లను నోరు మూసుకుని భరించమని ఏ దేవుడూ అడగడు. అలాంటిది ఉంటే నలుగురికీ చెప్పండి, సాయం అడగండి. నేనంటున్నది, మన మర్యాదకు ఏదో తక్కువైందని రోజూ మనసులో పెట్టుకునే చిన్నచిన్న వాటి గురించి.

ఈ రాత్రికి ఒక్క పని చేద్దాం. ఫోన్లో సగం టైపు చేసి పెట్టుకున్న ఆ జవాబు పంపకండి. మీ కోపమంతా స్వామితోనే చెప్పుకోండి, ఏదీ దాచొద్దు. ఆయన వింటాడు. తర్వాత పడుకోండి. రేపు పొద్దున ఆ వదినగారో, పక్కచేను బాబాయిగారో ఎదురైతే, వాళ్లు ముఖం తిప్పుకున్నా సరే, కాఫీ తాగారా అని మీరే ముందు పలకరించండి.