ధర్మరాజు రథం నేల తాకిన రోజు

కురుక్షేత్రంలో రెండు సేనలూ బారులు తీరాయి. ఇక మొదటి బాణం వదలడమే తరువాయి. ఆ క్షణంలో ధర్మరాజు కవచం విప్పి, ఆయుధాలు పక్కన పెట్టి, రథం దిగి చేతులు జోడించుకుని శత్రుసేన వైపు నడిచాడు. తమ్ముళ్లు కంగారుగా వెంట పరుగెత్తారు. భయపడి శరణు కోరడానికి వస్తున్నాడని కౌరవ సైనికులు నవ్వుకున్నారు. ఆయన వెళ్లింది పెద్దల కాళ్లకు మొక్కడానికి. భీష్ముడు, ద్రోణుడు, కృపుడు, శల్యుడు, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి యుద్ధానికి అనుమతి అడిగాడు. ద్రోణుడిని మరో మాట కూడా అడిగాడు, మిమ్మల్ని గెలవడం ఎలాగని. గురువు దాచలేదు. చేతిలో ఆయుధం ఉండగా తనను చంపగలవాడు లేడన్నాడు. నమ్మదగిన మనిషి నోట భరించలేనంత చెడ్డవార్త వింటే మాత్రం ఆయుధం వదిలేస్తానన్నాడు.

భీష్మపర్వంలో ఉన్న ఈ మాటను మనం చాలా తేలిగ్గా దాటిపోతాం. ద్రోణుడి చావుకు కావలసింది దివ్యాస్త్రం కాదట, నమ్మకస్తుడైన ఒక మనిషి అట. ఆ మనిషి తానేనని, పట్టుమని పదిహేను రోజులు తిరక్కుండానే ఆ పని తన నోటితోనే జరుగుతుందని అప్పుడు నమస్కారం పెడుతున్న ధర్మరాజుకు తట్టి ఉండదు.

పదోరోజున భీష్ముడు పడిపోయాక ద్రోణుడు సేనాపతి అయ్యాడు. పదమూడోరోజు అభిమన్యుడు పోయాడు. పద్నాలుగోరోజు సైంధవుడు పడ్డాడు, ఆ రాత్రి దివిటీల వెలుగులో కూడా యుద్ధం సాగి ఘటోత్కచుడు కూలాడు. నిద్ర లేని కళ్లతోనే పదిహేనో రోజు తెల్లవారింది. ద్రోణుడు ద్రుపదుడిని, విరాటుడిని చంపి, అస్త్రాల మాటే ఎరగని మామూలు సైనికుల మీద బ్రహ్మాస్త్రం వేసి ఊచకోత కోస్తున్నాడు. ఈయన ఇంకో సగం పూట ఇలాగే పోరాడితే మీ సేన మిగలదని కృష్ణుడు చెప్పాడు. ప్రాణాలు నిలపడానికి ఆడే అబద్ధం నిజం కన్నా మేలేనని నచ్చజెప్పాడు. అర్జునుడికి ఆ మాట రుచించలేదు. మిగిలినవాళ్లు సరేనన్నారు. ధర్మరాజు అతికష్టం మీద ఒప్పుకున్నాడు.

భీముడు ద్రోణుడి కొడుకు అశ్వత్థామ పేరే ఉన్న ఒక ఏనుగును గదతో కొట్టి చంపాడు. అది కౌరవుల ఏనుగు కాదు. పాండవుల పక్షాన పోరాడుతున్న మాళవరాజు ఇంద్రవర్మది. అంటే ఒక అబద్ధానికి ఆధారం కావాలని తమవైపు ప్రాణినే చంపుకున్నారు. ఆ తర్వాత భీముడు ద్రోణుడి ఎదుటికి పోయి అశ్వత్థామ చచ్చాడని అరిచాడు. ఆ అరుపులో సిగ్గు కూడా ఉందని వ్యాసుడు రాశాడు. బకుడిని, హిడింబుడిని చంపినప్పుడు లేని సిగ్గు భీముడికి ఇక్కడ కలిగింది.

ద్రోణుడి ఒళ్లు సడలిపోయింది. అయినా కొడుకు బలం తెలిసినవాడు కనుక నమ్మలేదు, మళ్లీ విల్లు ఎక్కుపెట్టాడు. మూడు లోకాల రాజ్యం ఇస్తామన్నా అబద్ధమాడడని చిన్నప్పటి నుంచీ ఎవరిని నమ్మాడో ఆ శిష్యుడినే చివరికి అడిగాడు. ధర్మరాజుకు ఒకపక్క అసత్యమంటే భయం, మరోపక్క గెలుపు మీద ఆశ. అశ్వత్థామ చచ్చిపోయాడని పైకి చెప్పి, ఏనుగు అన్న మాటను వినీ వినపడకుండా గొణిగాడు. అంతవరకూ ఆయన రథం నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచేదట. ఆ క్షణాన గుర్రాలు, చక్రాలు నేలను తాకాయి.

మన హరికథల్లో, సినిమాల్లో ఇక్కడ కృష్ణుడు పాంచజన్యం పూరిస్తాడు, ఆ హోరులో ఏనుగు అన్న మాట కలిసిపోతుంది. వ్యాసుడి మూలంలో ఈ శంఖం లేదు. ఎవరో మంచి మనసుతోనే చేర్చి ఉంటారు. ధర్మరాజు చెప్పాల్సింది పూర్తిగా చెప్పాడు, వినపడకపోవడం ఆయన తప్పా అని అడగడానికి అది వీలిస్తుంది. కానీ వ్యాసుడు ఆ వీలు ఇవ్వలేదు. గొంతు తగ్గించింది ధర్మరాజే. నాకైతే శంఖం లేని కథే పెద్ద కథ అనిపిస్తుంది.

ద్రోణుడు విల్లు వదిలి రథం మీద యోగంలో కూర్చున్నాడు. చంపవద్దు, ప్రాణాలతో తీసుకురమ్మని అర్జునుడు కేకలు వేస్తూ పరుగెత్తాడు. ధృష్టద్యుమ్నుడు వినలేదు, జుట్టు పట్టుకుని తల నరికాడు. ఆ తర్వాత పాండవ పక్షంలో జరిగిన గొడవను కథ చెప్పేవాళ్లు ఎక్కువగా వదిలేస్తారు. అర్జునుడు అన్నగారిని ఎదురుగా నిలబెట్టి కడిగేశాడు. అన్ని ధర్మాలూ తెలిసినవాడివని, తన శిష్యుడివని నమ్మి అడిగాడే, ఆ నమ్మకాన్నే కత్తి చేశావే అన్నాడు. వాలిని చంపినందుకు రాముడికి వచ్చినట్టే ద్రోణుడి చావు వల్ల నీకు వచ్చే అపకీర్తి కూడా శాశ్వతంగా నిలిచిపోతుందని అన్నాడు.

ఒక ఇతిహాసం తన నాయకుడిని తప్పుపట్టడానికి మరో ఇతిహాసం నాయకుడి మీద ఉన్న మచ్చను సాక్ష్యానికి పిలుస్తోంది. రాముడంటే భక్తి లేక అన్న మాట కాదిది. కిష్కింధాకాండలో వాల్మీకి కూడా ఇంతే నిబ్బరంగా నడిచాడు. చాటు నుంచి బాణం వేసినవాడిని చావబోతూ వాలి అడగదలచినవన్నీ అడిగేదాకా రాముడి నోట సమాధానం రానివ్వలేదు. తమ్ముడి భార్య రుమను చేపట్టిన నేరం గురించి, రాజదండం గురించి రాముడు చెప్పిన జవాబుతో వాలి చివరకు సమాధానపడ్డాడు. పండితులు మాత్రం ఇప్పటికీ తర్కించుకుంటూనే ఉన్నారు. కవి కోరుకున్నదీ అదే అయి ఉండవచ్చు.

ద్రోణుడు అమాయకుడని ఇక్కడ ఎవరూ అనడం లేదు. ఏకలవ్యుడి బొటనవేలు అడిగినవాడు ఆయనే. సభలో ద్రౌపది ప్రశ్న వేసినప్పుడు మౌనంగా కూర్చున్నవాడు ఆయనే. అభిమన్యుడిని నిరాయుధుడిని చేసే దారి చూపినవాడూ ఆయనే. అస్త్రవిద్య ఎరగనివాళ్లను అస్త్రాలతో కాల్చడం అధర్మమని, ఇక చాలించమని ఋషులు దిగివచ్చి చెప్పవలసి వచ్చింది. ధృష్టద్యుమ్నుడు అర్జునుడికి ఇదే ఎత్తిచూపుతూ, తాతగారైన భీష్ముడిని నువ్వు ఎలా పడగొట్టావో గుర్తులేదా అని ఎదురుతిరిగాడు. మాటా మాటా పెరిగి సాత్యకి అతని మీదికి దూకితే భీముడు పట్టి ఆపాల్సి వచ్చింది. గెలిచిన పక్షం ఆ రోజు తమలో తామే కొట్టుకోబోయింది.

ఆ గొణుగుడు ఖరీదు అక్కడితో తీరలేదు. పద్దెనిమిదో రోజు రాత్రి అశ్వత్థామ నిద్రపోతున్న శిబిరం మీద పడటానికి సిద్ధమైతే, మేనమామ కృపుడు వద్దని వారించాడు. ధర్మమనే గట్టును పాండవులు ఎప్పుడో ముక్కలు చేశారు కదా, ఇక తనను ఆపేదేముందని అశ్వత్థామ జవాబిచ్చాడు. ఆయుధంతో చంపమని ప్రాధేయపడిన ధృష్టద్యుమ్నుడిని కాళ్లతో తన్ని చంపాడు. ద్రౌపది ఐదుగురు కొడుకులూ ఆ రాత్రే పోయారు. తండ్రి ఆయుధం వదిలాక హతమయ్యాడన్నదే అతని వాదన. దానివల్ల అతని పాపం తగ్గలేదు. శిరోమణి పోగొట్టుకుని మూడు వేల ఏళ్లు ఒంటరిగా తిరిగే శాపం మోశాడు. అతనికి ఆ వాదన దొరకకుండా ఉండాల్సింది కదా అని మాత్రం చదివేవాడికి అనిపిస్తుంది.

ఇక స్వర్గం. అన్నీ వదిలి, వెంట వచ్చిన కుక్కను మాత్రం వదలనని నిలబడి పైకి చేరిన ధర్మరాజుకు మొదట కనిపించింది సింహాసనం మీద వెలిగిపోతున్న దుర్యోధనుడు. క్షత్రియుడిగా రణరంగంలో ప్రాణం ఇచ్చినవాడికి ఆ ఫలం దక్కింది. ధర్మరాజు మొహం తిప్పుకున్నాడు. తన వాళ్లెక్కడ అని అడిగాడు. దేవదూత ఒక దారిన తీసుకెళ్లాడు. చీకటి, నెత్తురు బురద, కుళ్లు కంపు, ఈగలు, ఇనుప ముక్కుల కాకులు. భరించలేక వెనక్కి తిరిగాడు. అప్పుడు నలుదిక్కుల నుంచీ గొంతులు వినిపించాయి. నీ ఒంటి గాలి తగిలితే మా బాధ తగ్గుతోంది, కాసేపు ఉండమని బతిమాలాయి. ఎవరు మీరు అంటే కర్ణుడినని ఒక గొంతు, భీముడినని ఒక గొంతు, అర్జునుడిని, నకులుడిని, సహదేవుడిని, ద్రౌపదినని మరికొన్ని. ధర్మరాజు దేవతలను తిట్టాడు, ధర్మాన్నే తిట్టాడు. దూతను వెళ్లిపొమ్మని చెప్పి తాను అక్కడే ఉండిపోతానన్నాడు.

అప్పుడు ఇంద్రుడు వచ్చి లెక్క చెప్పాడు. కొడుకు విషయంలో ద్రోణుడిని ఒక మాయమాటతో మోసగించావు కనుక నీకు మాయగానే నరకం చూపించామన్నాడు. ఎంత సూటి తీర్పో చూడండి. జీవితమంతా ఆడిన సత్యం ఆ ఒక్క మాటను మాఫీ చేయలేదు. ఆ ఒక్క మాట జీవితమంతటి సత్యాన్నీ తుడిచేయలేదు. అందుకే నరకం చూపు కాసేపే. పుణ్యం ఎక్కువ ఉన్నవాడు ముందు నరకం చూసి తర్వాత స్వర్గం పొందుతాడని, పాపం ఎక్కువ ఉన్నవాడికి ముందు స్వర్గమని కూడా ఇంద్రుడే చెప్పాడు. దుర్యోధనుడి సింహాసనం మర్మం అదీ.

తెలుగువాళ్లం ఈ కథలను చూడటంలో రెండు తేలిక దారులు పట్టాం. ఒకటి, కృష్ణుడు చెప్పాడు గనుక చేసిందంతా ధర్మమేననడం. రెండోది, 1977లో దానవీరశూరకర్ణ వచ్చాక మరింత బలపడ్డ దారి: ఎన్టీఆర్ దుర్యోధనుడి డైలాగులకు ఈలలు వేసి, అసలు అన్యాయమైపోయింది కౌరవులేననడం. ఆ సినిమాను నేనూ ఇష్టంగా చూస్తాను. కానీ వ్యాసుడు ఈ రెండు పక్షాలకూ చేరడు. సభలో జరిగిన అవమానానికి దుర్యోధనుడి తొడ విరగాల్సిందే, ఆ తొడ మీద కొట్టిన దెబ్బ గదాయుద్ధ నియమానికి తప్పే. ఆ తప్పుకు బలరాముడు నాగలి ఎత్తి భీముడి మీదికి వెళ్లాడు, తమ్ముడు కృష్ణుడు పట్టుకుని ఆపితే కోపం తీరకుండానే ద్వారకకు వెళ్లిపోయాడు.

ద్రోణపర్వం నుంచి స్వర్గారోహణం దాకా ఈ కథ రెండు కొసలనూ మనకు తెనిగించినవాడు తిక్కన. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉండి, రాజ్యాల కోసం మనుషులు ఆడే మాటలను దగ్గర నుంచి చూసినవాడు. విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు రాసినవాడు నరకం ఘట్టం దగ్గర కలం ఆపగలిగేవాడే, ఆపలేదు.

మన ఇళ్లలో ఆస్తి పంపకాలప్పుడు ఒక పెద్దాయనను కూర్చోబెడతాం. ఆయన నోట వస్తే అది నిజమేనని ఇద్దరు అన్నదమ్ములూ నమ్ముతారు. ఆయన సగం చెప్పి మిగతా సగం గొణిగితే సంతకాలు జరిగిపోతాయి, కాగితాలు చట్టప్రకారం సరిగానే ఉంటాయి. దొంగ ఆడే అబద్ధం కన్నా అది ఎక్కువ నష్టం చేస్తుంది. దొంగ మాటకు ఎవరూ ఆయుధం కింద పెట్టరు. మంచిపేరు ఉన్నవాళ్లు భారతంలో ముఖ్యంగా చదవాల్సిన ఘట్టం ఇదేనని అందుకే అంటున్నాను.

ఇంట్లో భారత పారాయణం పెట్టుకునేవారికి ఒక మనవి. పట్టాభిషేకం దగ్గర పుస్తకం మూసేయకండి. తిరుమల తిరుపతి దేవస్థానం అర్థతాత్పర్యాలతో అచ్చువేసిన ఆంధ్రమహాభారతంలో స్వర్గారోహణపర్వం చిన్నదే. అది కూడా చదివి పారాయణం పూర్తి చేయండి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ధర్మరాజంతటివాడికి నరకం ఎందుకని వాళ్లు అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.