తోటలో బొమ్మలు పెట్టే ముందు

ఈ చలికాలంలో మన సభ్యులలో ఒకరి ఇంటితోటలో, ప్రకృతిని గురించిన చిత్రప్రదర్శన ఒకటి పెట్టాలని సంకల్పించాం. పిల్లలూ పెద్దలూ ఎవరైనా బొమ్మలు గీయవచ్చు, గుడ్డమీద కుట్టవచ్చు, మట్టితో చేయవచ్చు. ఇందులో అంతగా ఆలోచించవలసిందేముంది, నాలుగు తాళ్ళు కట్టి క్లిప్పులతో బొమ్మలు తగిలించి, పులిహోర చేసుకుంటే సరిపోదా అని కొందరు మిత్రులు అడిగారు. సరిపోతుందనే మేమూ అనుకున్నాం. కాని ప్రదర్శనకు పేరు పెడదామని నలుగురం కూర్చున్నప్పుడు 'ప్రకృతి' అన్న మాట దగ్గరే బండి ఆగిపోయింది. ఏది ప్రకృతి? ఈ తోట ప్రకృతేనా? బళ్ళో నేర్చుకున్న ప్రకృతి వికృతుల లెక్కన చూస్తే ఇది వికృతి కిందికే వస్తుందని ఒకాయన చమత్కరించారు. నవ్వుకున్నాం గాని, ప్రశ్న మాత్రం నవ్వుతో పోలేదు.

బహ్రెయిన్‌లో ఏడాదికి పడే వాన సగటున 70, 80 మిల్లీమీటర్లు. మన వైపు ఒక మంచి ముసురులో రెండు రోజుల్లో పడిపోయే వాన అది. అయినా ఒకప్పుడు ఈ దీవికి వానతో పెద్దగా పని ఉండేది కాదు. నేల అడుగునుంచి తీపినీటి ఊటలు ఉబికేవి. సముద్రం అడుగున కూడా ఊటలుండేవి. ముత్యాల వేటకు పోయినవాళ్ళు నీళ్ళలో మునిగి, ఉప్పు సముద్రం మధ్యనే మంచినీళ్ళు పట్టుకునేవారు. 'బహ్రెయిన్' అంటే రెండు సముద్రాలు. ఉప్పునీరు, తీపినీరు కలిసి ఉన్న చోటు గనుక ఆ పేరు వచ్చిందని చెప్పేవారున్నారు. పది లక్షల ఖర్జూరపు చెట్ల దేశమని పేరు తెచ్చింది ఆ ఊటలే. ఇరవయ్యో శతాబ్దంలో బోరుబావులు పెరిగి భూగర్భజలం తరిగింది, మిగిలింది ఉప్పెక్కింది. పేరుపడ్డ అధారీ ఊట ఎండిపోయి, ఇప్పుడు పిల్లల్ని ఆడించే పార్కు పేరుగా నిలిచింది. ఇవాళ కుళాయిలో మనకు వచ్చే నీరు ముఖ్యంగా గ్యాసు మండించి ఉప్పు తీసిన సముద్రజలం. బాటల పక్కన చాలా చెట్లకు తూబ్లీలో శుద్ధి చేసిన మురుగునీరు పోస్తారు. ఇంటితోట తాగేది మటుకు ఆ కుళాయి నీళ్ళే. అంటే మన మల్లెమొగ్గ వెనకాల కూడా ఒక పొయ్యి మండుతోందన్నమాట.

అలాంటప్పుడు తోటను ప్రకృతి అని పొగుడుతూ పండగ చేయడం న్యాయమేనా అని మాలో నీటి వ్యవహారం తెలిసిన ఒక ఇంజనీరు గారు నిలదీశారు. ఈ మాట తేలిగ్గా తోసివేయదగింది కాదు. అయితే ఆయనకు మేము చెప్పిన సమాధానం ఇది. కోనసీమ పచ్చదనాన్ని మనం ప్రకృతి అనే అంటాం. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు లేకపోతే ఆ పచ్చదనంలో ఎంత మిగిలేది? మనిషి చేయి పడనిదే ప్రకృతి అంటే గీయడానికి మనకు మిగిలేది చాలా తక్కువ. అక్కడ నీటి వెల పాతబడి కనబడదు, ఇక్కడ నెలనెలా బిల్లులో కనబడుతుంది, అంతే తేడా. కనబడటం మంచిదే. ప్రదర్శన కోసం కొత్త పచ్చిక చాపలు తెప్పించి పరుద్దామన్న ఒక ఆలోచన ఉండేది, దాన్ని విరమించుకున్నాం. ఉన్న తోట ఉన్నట్టుగానే ఉంటుంది. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు మంచుపెట్టెల్లో విమానమెక్కి రావాలన్న ముచ్చట కూడా మానుకున్నాం. రాలిన బాదం ఆకులు, ఎండిన ఈనెలు, ఆలీ కుమ్మరుల మట్టి ఇక్కడే దొరుకుతాయి. ఖర్జూరపు ఆకులతో బుట్టలల్లే విద్యకు కర్బాబాద్ పెట్టింది పేరు.

ఇక ఏమి గీయాలన్నది. పిల్లలు ముందుగా ఇచ్చిన బొమ్మలు చూశాం. రెండు కొండలు, మధ్య సూర్యుడు, కిందికి పారే ఏరు, ఒక గుడిసె, వంగిన కొబ్బరిచెట్టు. ఇక్కడే పుట్టి, ఏడాదికి మూడు వారాలు సెలవులకు మాత్రమే ఆంధ్రదేశం చూసే పిల్లలు వీళ్ళు. కిటికీలోంచి ఖర్జూరపు చెట్టు రోజూ తొంగిచూస్తున్నా అది ఒక్క కాగితంలోనూ లేదు. అధారీ గురించి ఇక్కడివాళ్ళు చెప్పుకునే సామెత ఒకటుంది: దగ్గరివాటిని వదిలి దూరాన ఉన్నవాటిని తడుపుతుందట. పరాయి దేశంలో ఉండే మనలాంటివాళ్ళ మీద చెప్పిన సామెతలా లేదూ?

దూరాన్ని తలచుకోవడం తప్పని మేము అనడం లేదు. గోదావరిని తలచుకోని తెలుగువాడికి గుండె ఏ పక్కన ఉందో చూసుకోవాలి. కాని ఆ గోదావరి గట్టున జరిగిన సంగతే ఒకటి గుర్తుంచుకోవాలి. 1910లలో రాజమండ్రి కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే సీమదేశం మనిషి. తన ఊరి వాగులనే తలచుకుంటూ కూర్చోవచ్చు. అలా చేయక ఇక్కడి నదినీ, మనుషులనూ కళ్ళారా చూసి రంగుల్లో పెట్టాడు, కుర్రవాళ్ళకూ చూడడం నేర్పాడు. 28 ఏళ్ళు నిండకుండానే 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన చేతికింద తయారైనవాళ్ళే. పరదేశి కన్ను మనకు అంత మేలు చేసినప్పుడు, పరదేశులమైన మనం ఈ నేలను ఒకసారి నిదానంగా చూస్తే పోయేదేముంది?

చూస్తే ఏం దొరుకుతుందో చెబుతాం. దీవి దక్షిణాన, ఎడారి మధ్య ఒంటరిగా నిలిచిన 'షజరత్ అల్ హయాత్', అంటే ప్రాణవృక్షం, మనమందరం పోయి ఫోటోలు దిగే చోటే. పది మీటర్లకు కొంచెం తక్కువ ఎత్తు, వయసు నాలుగు వందల ఏళ్ళ పైమాటని చెబుతారు. వచ్చినవాళ్ళు పేర్లు చెక్కి చెక్కి దాన్ని గాయపరిస్తే చుట్టూ కంచె వేయవలసివచ్చింది. ఆ చెట్టు జాతి ప్రోసోపిస్ సినరేరియా అని సాధారణంగా చెప్పేమాట. అది మన జమ్మి! పాండవులు ఆయుధాలు దాచినది, దసరానాడు ఆకు పంచుకుని దండం పెట్టుకునేది, నేటి తెలంగాణ రాష్ట్రవృక్షం. ఈ సంగతి మాతో మొదట అన్నది, మేము ప్రదర్శన పెట్టబోయే తోటలో పనిచేసే జగిత్యాల వైపు మనిషి. "గది మా జమ్మే గద సార్" అన్నాడు, పైపు చుట్టుకుంటూ.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ప్రతి బొమ్మ కింద గీసినవారి పేరుతో చీటీ పెడతాం. మరి అన్నిటికంటే పెద్ద బొమ్మ ఆ తోటే కదా, దాని కింద ఎవరి పేరు? ఇంటి యజమానిది పెడితే అది స్థలం పేరవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆరుబయట పని చేయించరాదని ఇక్కడ 2007 నుంచి నిషేధం ఉంది. 2025లో దాన్ని రెండు నెలలనుంచి మూడు నెలలు చేశారు. చెట్లకు మటుకు సెలవు లేదు గనుక అతను తెల్లవారుజామున వచ్చి నీళ్ళు పెట్టి పోతాడు. జీతం ఇస్తున్నాం కదా అన్నారొకరు. జీతం పనికి చెల్లుతుంది. ఆ పనిని మనం కళగా చూపించి నలుగురిచేత మెప్పు పొందబోతున్నప్పుడు, ఆ మెప్పులో వాటా జీతంలో కలవదని మా అభిప్రాయం. అందరితోపాటు కుర్చీ వేసి కూర్చోబెడదామంటే, "పాపం, అతనికే ఇబ్బందిగా ఉంటుంది" అన్న మాట వచ్చింది. మన ఇబ్బందిని ఎదుటివాడి పేర చెప్పుకోవడం మనకు బాగా అలవాటు. అతన్నే అడుగుదామని తీర్మానించి, అడిగాం.

శుక్రవారం పొద్దున అతనికి ఇంకో రెండిళ్ళ తోటపని ఉందట, కాబట్టి ప్రదర్శన సాయంత్రానికి మార్చాం. వేపచెట్టు మొదట్లో మేకులు దిగ్గొట్టవద్దన్నాడు. "కొమ్మలకు లైట్లు కట్టకుండ్రి సార్, పిట్టలు పండుకుంటయి" అన్నాడు. కట్టం. చీటీ సంగతి చెబితే కాసేపు ఊరుకుని, పేరు రాస్తే పక్కన ఊరి పేరు కూడా రాయమన్నాడు. ఎలా రాయాలో అక్షరాలు ఒక్కొక్కటే పలికి చెప్పాడు.