ధర పడిపోయిన రోజున స్తోత్రం



అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరి ధర పెరిగినప్పుడు దేవునికి స్తోత్రం చెప్పడం సులువే. ధర పడిపోతే? 1996 నవంబరు 6 నాటి తుపానుకు కోనసీమలో తోటలకు తోటలే నేలకూలాయి. మళ్లీ మొక్క నాటితే కాపుకు ఏళ్లు పట్టే చెట్టు అది. అయినవారిని పోగొట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి. అటువంటివారు దేనికని కృతజ్ఞత చెప్పాలి?

పునీత పౌలుగారు తెస్సలోనిక ప్రజలకు వ్రాసిన మొదటి లేఖలో (5:18) అన్ని పరిస్థితులలోనూ కృతజ్ఞులై ఉండమన్నారు. జరిగిన కీడుకు కృతజ్ఞత చెప్పమనలేదు, కన్నీటిని దాచుకోమనీ అనలేదు. లాజరు సమాధి దగ్గర యేసుప్రభువు కన్నీరు కార్చారు. అక్కడే తండ్రికి కృతజ్ఞత కూడా తెలిపారు. తనను అప్పగించిన రాత్రే రొట్టెను చేతపట్టి స్తోత్రం చెల్లించారు. దివ్య సత్ప్రసాదాన్ని సూచించే 'యూకరిస్తు' అనే గ్రీకు మాటకు అర్థం కృతజ్ఞతార్పణమే. ప్రతి దివ్యబలిపూజలో మనం పాలుపంచుకొనేది ఆ రాత్రి స్తోత్రంలోనే.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో కోరికలు విన్నవించకముందు, ఇంటిల్లపాదీ ఒక్కొక్కరు ఆనాడు పొందిన ఒక మేలును చెప్పండి. పిల్లలతో మొదలుపెట్టండి. దుఃఖం ఉంటే దాన్నీ ప్రభువుకు చెప్పండి. రెండింటినీ వినే తండ్రి ఆయన.

ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక!