ఎవరూ చూడని ముడి

వారంలో నాలుగు రోజులు హోటల్లో, మూడు రోజులు ఇంట్లో. కన్సల్టెంటుగా ఎన్నో ఏళ్ళుగా ఇదే నా బతుకు. సూట్‌కేసు విప్పకుండానే మళ్ళీ సర్దుకోవడంలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి, 2023 ఆగస్టులో సిన్సినాటి దగ్గర ఒక హోటల్లో ఆ పెద్దమనిషి కలిసేదాకా.

పొద్దున్న అయిదున్నర. టిఫిన్ల దగ్గర మేమిద్దరమే ఉన్నాం. ఆయన వేళ్ళు కాయలు కాచి ఉన్నాయి. గిటార్ వాయిస్తారా అని అడిగాను. నవ్వి, టెన్నిస్ రాకెట్లకి స్ట్రింగులు బిగిస్తానన్నాడు. పక్కనే మేసన్‌లో టోర్నమెంటు జరుగుతోంది.

మనవైపు దాన్నే గట్టింగ్ అంటాం. గుంటూరులో బాల్ బాడ్మింటన్ ఆడే రోజుల్లో రాకెట్ ఇచ్చి, షాపు ముందు బెంచీ మీద కూర్చుని ఎదురుచూసిన సంగతి గుర్తొచ్చింది. అదే పని చేస్తూ ఒక మనిషి ప్రపంచమంతా తిరుగుతాడని మాత్రం నాకు తెలియదు. జనవరిలో మెల్‌బోర్న్, మే చివర పారిస్, ఆ తర్వాత వింబుల్డన్, ఆగస్టు చివర న్యూయార్క్. ఆట మొదలవకముందే పని మొదలు, ఆఖరి మ్యాచ్ అయిపోయాక కూడా పనే. ఇన్ని ఊళ్ళు తిరిగినా ఆయన చూసేది ఒక గది, ఒక మిషను.

మామూలుగా ఒక రాకెట్‌కి నిలువుగా 16, అడ్డంగా 18 లేదా 19 వరసలు. దాదాపు 12 మీటర్ల తీగ. ఒకరు 25 కిలోల బిగువు కావాలంటారు. ఇంకొకరు ఒకే రోజుకి మూడు రాకెట్లిచ్చి, అర కిలో తేడాతో మూడు రకాలుగా అడుగుతారు. మనిషి మారితే చెయ్యి మారుతుంది, చెయ్యి మారితే రాకెట్ మారుతుంది. అందుకే పీట్ సాంప్రస్ తన రాకెట్ల కోసం నేట్ ఫెర్గూసన్‌ని వెంట తిప్పుకునేవాడు. ఆ తర్వాత ఫెదరర్ రాకెట్లు చూసింది కూడా ఫెర్గూసన్ బృందమే.

ఇంతా చేస్తే, మిషను మీద నుంచి తీసిన క్షణం నుంచే బిగువు తగ్గడం మొదలవుతుందట. అందుకని నిన్న బిగించినవి ఒక్క బంతి కొట్టకపోయినా ఇవాళ కోయించేసే ఆటగాళ్ళున్నారు. రాత్రి చేసిన పని పొద్దున్నే కత్తెర పాలు. "బాధ లేదా?" అన్నాను. "లేదు, మళ్ళీ డబ్బులిస్తారుగా," అన్నాడు.

అప్పుడు అడిగాను, నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న. బిగించేటప్పుడు క్లాంప్ కాస్త జారిందనుకోండి. ఒక కిలో తగ్గింది. కంటికి కనపడదు. ఎలాగూ రేపటికి తగ్గేదే. ఆ రాకెట్ అసలు సంచిలోంచి బయటికి రాకపోవచ్చు కూడా. కోసేస్తారా?

"టైముంటే కోసేస్తాను. లేకపోతే ఇది తక్కువగా ఉంది, ఆఖర్న వాడుకో అని చెప్పేస్తాను. చెప్పకపోతే ఆ కుర్రాడు బంతి బయటికి కొట్టి, తప్పు తన చేతిదనుకుంటాడు. నా తప్పుకి ఆ రాత్రంతా తన ఫోర్‌హ్యాండ్‌ని తిట్టుకుంటాడు."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. నా కాఫీ చల్లారిపోయింది.

2014లో ఒక కంపెనీ పింఛన్ల లెక్కల్ని పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మార్చే పని చేశాను. సోమవారం ప్రారంభం. ఆదివారం రాత్రి చూస్తే, ఉద్యోగంలో చేరిన తేదీ ఖాళీగా ఉన్న 37 మందికి నా స్క్రిప్టు ఏదో ఒక తేదీ తనంతట తానే పెట్టేసింది. పరీక్షలన్నీ పాసయ్యాయి. సంతకాలు అయిపోయాయి. మర్నాడు మా అమ్మాయి పుట్టినరోజు, చేతిలో విమానం టిక్కెట్టు ఉంది. వేలమందిలో 37 మందేగా అనుకున్నాను. లాప్‌టాప్ మూసేశాను. ఆ తర్వాత ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

మనకి చిన్నప్పటి నుంచీ చెప్పేది, పైవాడు చూస్తుంటాడని, చిత్రగుప్తుడు రాసుకుంటాడని. అందుకే ఎవరూ చూడని తప్పు గురించి ఆలోచించినప్పుడల్లా నా లెక్క ఏమవుతుందా అనే ఆలోచించాను. అవతలివాడి లెక్క గురించి ఆలోచించలేదు. తప్పు దాచినంత మాత్రాన మాయమవదు. నా పేజీలో రాయాల్సింది ఇంకొకరి పేజీలోకి పోతుంది. ఆ 37 మందిలో ఎవరో ఒక పెద్దావిడ, పింఛను తక్కువొచ్చిందని ఫోన్ చేసి ఉంటుంది. అవతలివాళ్ళు స్క్రీన్ మీది తేదీ చదివి వినిపించి ఉంటారు. అయితే నేనే తప్పు గుర్తుపెట్టుకున్నానేమో అని ఆవిడ తన జ్ఞాపకశక్తిని తనే అనుమానించుకుని ఉంటుంది. నిజంగా అలా జరిగిందో లేదో నాకు తెలియదు. తెలియకపోవడం ఇన్నాళ్ళూ నాకు హాయిగానే ఉంది, అదీ సంగతి.

అన్నీ సరిచేసే టైము ఎవరికీ ఉండదు, ఒప్పుకుంటాను. ఆ రాత్రి నాకూ లేదు. కానీ "ఈ 37 తేదీలు నమ్మకండి" అని ఒక్క వాక్యం రాయడానికి టైము అక్కర్లేదు. విమానం కూడా తప్పిపోయేది కాదు. తప్పిపోయేది నా మంచి పేరు, అది కూడా కాస్తే.

ఇంటికొచ్చాక ఆ కంపెనీకి ఈమెయిలు రాశాను. అప్పటి వాళ్ళెవరూ ఇప్పుడు అక్కడ లేరు. అందుకని అందరికీ ఉండే సాధారణ చిరునామాకే, జరిగింది జరిగినట్టు రాశాను. జవాబు రాలేదు. ఇంకోసారి రాశాను.

మా అమ్మాయి స్కూలు టీములో ఆడుతుంది. గరాజ్‌లో ఒక పాత స్ట్రింగింగ్ మిషను పెట్టుకుని దాని రాకెట్లు నేనే బిగిస్తాను. మొన్న ఆఖరి ముడి దగ్గర తీగ జారింది. మళ్ళీ బిగించడానికి ఇంట్లో తీగ లేదు. చెప్పాను.

"పర్లేదు నాన్నా, ఇది ప్రాక్టీసుకి వాడతాలే," అంది.